ఏకిన కొండ

మార్కాపురంలో బడి గడప తొక్కనోళ్ళే
ఎక్కడెక్కడి బడులకో పలకలు కోసి పంపినారు.
మా జేజి దస్తగిరమ్మ ముప్పై ఏళ్ళు కోసింది.
బలపం పట్టింది మాత్రం లేదు.

దూదేకులోళ్ళం మేము.
తాత విల్లుకు నారి తెగిన ఏడాదే
పరుపుల మిషన్లు వచ్చినాయి.
విల్లు గోడ ఎక్కింది.
జేజి తర్లుపాడు రోడ్డులో షెడ్డుకు పోయింది.

రంపం కింద రాయి చీలినప్పుడల్లా
బూడిద మబ్బొకటి లేచి
కొంగూ, కనురెప్పలూ, సద్దిగిన్నె మూతా
అన్నీ ఒకే రంగు.
మాపటేళ గుమ్మంలో కొంగు దులుపుకుంటూ అడిగేది:
"హజ్రత్ ఈ పొద్దు ఏం చెప్పినాడే?"

ఏం చెప్తాను,
అర్థం తెలీని అలిఫ్, బే, తే.
ఆమే చెప్పేది నాకు
తెలుగులో, దగ్గుకూ దగ్గుకూ మధ్య.

మక్కా అవతల కొండంట. కొండలో గుహంట.
నలభై ఏళ్ళ మనిషి, అక్షరం రానాయన, ఒంటిగా.
దూత వచ్చి చదువు అన్నాడంట.
నాకు రాదయ్యా అన్నాడంట.
ఊపిరాడకుండా అదిమి, వదిలి
మళ్ళా చదువు అన్నాడంట.
మూడుసార్లు.

"మూడుసార్లా జేజీ?"
రొమ్ము మీద చెయ్యేసుకునేది.
"నన్ను దినామూ అదుముతానే ఉండాడు.
చదువు అని మాత్రం అనడే!"

వణుక్కుంటా ఇంటికి పోయి
కప్పండి, కప్పండి అన్నాడంట ఆయన.
కప్పిన ఇంటామే అందరికంటే ముందు నమ్మిందంట.
"ఆ దుప్పట్లో ఉన్ని ఎవరు ఏకినారో,
మనోళ్ళే అయ్యుంటారు" అనేది జేజి
చుట్టం ఊసు చెప్పినట్టు.

ఇంకా ఎవరు నమ్మినారంటే
పెద్దింటోళ్ళు ఒకరిద్దరు, అంతే.
మిగతావాళ్ళు కూలోళ్ళు, అనాథలు, అమ్ముడుపోయినోళ్ళు.
ఒక నల్లని బానిసను ఎర్రటి ఎండలో ఇసకన పడేసి
రొమ్ము మీద బండ పెట్టినారంట.
ఎంతమంది దేవుళ్ళు చెప్పరా అంటే
ఒక్కడే, ఒక్కడే అన్నాడంట.
తరవాత వాళ్ళ ఊళ్ళో మొదటి బాంగు
ఆ బండ మోసిన రొమ్ములోంచే.
ఇక్కడికొచ్చేసరికి జేజికి దగ్గు తెర వచ్చేది.
కథ ఆగేది. నేను నీళ్ళు తెచ్చేదాన్ని.

కోట వీధి సాయిబులు నవ్వేవాళ్ళు,
మీకు ఉర్దూ రాదు, మీ నమాజు సగమే అని.
"అల్లాకు తెలుగు వచ్చా జేజీ?"
"దగ్గు అర్థమైతే చాల్లే."

టీబీ కాదన్నారు ఒంగోలు డాక్టర్లు.
ఫిల్ము లైటు మీద పెట్టి చూపించినారు:
రెండు పలకలు,
వాటి మీద తెల్లటి చుక్కలు
పిల్లోడెవడో బలపంతో పొడిచినట్టు.

ముక్కులో పైపుతో పడుకున్న రాత్రి
తెలుగు ఖురాను తెచ్చి పక్కన కూచున్నా.
ఎక్కడ తెరవాలో తెలీక చివర తెరిచా.
"ఆ దినాన మనుషులు చెదిరిన చిమ్మటల్లా ఉంటారు.
కొండలు ఏకిన ఉన్నిలా ఉంటాయి."

కళ్ళు తెరిచింది.
"ఏకిన ఉన్నా, ఏకనిదా?"
"ఏకినదే జేజీ."
"సరిగా చూడు."
"ఏకినదే."

నవ్వబోయింది. నవ్వు దగ్గయింది.
దగ్గు తగ్గినాక
దుప్పటి మీద ఆమె కుడిచెయ్యి కదిలింది.
గోళ్ళ సందుల్లో ఇంకా రాతి పొడి.
లేని విల్లుకు లేని నారి మీటింది
టుంయ్,
తాత చెయ్యి ఎట్లా ఆడేదో అట్లనే.

"అయితే పని తెలిసినోడే" అంది.

కిటికీలోంచి గాలి. పక్క మంచం ఆమె నిద్ర.
"చదువు" అంది జేజి.
చదివాను.
"చదువు."
మళ్ళా అదే చదివాను, ఇంకా నెమ్మదిగా.
మూడోసారి మాట రాలేదు ఆమెకు,
నా మణికట్టు పట్టి
గట్టిగా అదిమింది.