మైనం పెట్టని కాయిల్

ఓస్మో అయిదు గిటార్లు తెచ్చాడు,
మంచు మీద స్లెడ్జి లాక్కుంటూ,
చలికి చంటిపిల్లల్ని చుట్టినట్టు కంబళ్లలో చుట్టి.
నవంబరు. తాంపెరెలో మూడింటికే చీకటి.
నా కొట్లో ఒక బల్బు, సోల్డరు పొగ,
తీగ చుట్టే మోటారు. ఒకప్పుడది మా అమ్మ కుట్టుమిషన్.

"అన్నిటికీ పికప్‌లు మార్చెయ్," అన్నాడు.
"దుప్పటి కప్పి వాయించినట్టుంది."

ఒక్కొక్కటే విప్పాను.
ఎర్రదానిలో జంట కాయిళ్లు, ఎదురెదురుగా చుట్టుకుని
గోడల్లోని కరెంటు రొదను కొట్టేసుకుంటాయి,
పాత మొగుడూపెళ్లాల్లా
ఒకరి గొణుగుడు ఇంకొకరికి చెల్లు.
నల్లదానిది ఒంటి కాయిల్.
బల్బు దగ్గరికి తీసుకెళ్తే తుమ్మెదలా మోగుతుంది.
మీటరు పెట్టి చూశాను:
ఏడు కిలో ఓములు, ఏడుంపావు, ఎనిమిదికి కాస్త తక్కువ.
అన్నీ బతికే ఉన్నాయి.

అయినా అడిగాడు కదా, చుట్టాను.
వెంట్రుక కన్నా సన్నటి రాగి,
ఊపిరి గట్టిగా వదిలితే తెగుతుంది.
చుట్లు పెరిగితే గొంతు బొంగురు,
తగ్గితే తేట.
తగ్గించాను.
వారం తర్వాత వచ్చాడు. "ఇంకొంచెం మెరుపు."
ఇంకో వెయ్యి తగ్గించాను.
"ఇంకొంచెం."
మూడోసారి బిగించి మీటితే
నా పళ్లు జివ్వుమన్నాయి,
కుక్క బల్లకిందికి దూరింది.
ఓస్మో చెవి వెనక అరచెయ్యి పెట్టుకుని
"దుప్పటి అలాగే ఉంది," అన్నాడు.

అప్పుడే పొయ్యి మీద కెటిల్ ఈల వేసింది.
వేస్తూనే ఉంది.
అతను తల తిప్పలేదు.

ముప్పై ఒక్క ఏళ్లు నూలుమిల్లులో, మగ్గాల మధ్య.
ఆ మగ్గాలు ఎప్పుడో పాత ఇనుముకి పోయాయి,
అక్కడిప్పుడు సినిమా హాలు, నూడుల్స్ హోటలు.
వాటి రొద మాత్రం ఓస్మో చెవుల్లో
అద్దె కట్టకుండా కాపురముంటోంది.

ఎలా చెప్పను?
గిటార్ మీద వేలితో తట్టి,
"మార్చాల్సింది ఇక్కడ కాదేమో," అన్నాను.
చక్కెర ముక్క కాఫీలో ముంచి,
అది కరిగేదాకా చూసి,
"తెలుసు," అన్నాడు.
"చెవికి కాయిల్ చుట్టేవాళ్లు ఈ ఊళ్లో లేరు.
నువ్వే దగ్గర."

ఇక అయిదోది. గోధుమరంగు, మెడ దగ్గర అతికిన చీలిక.
అది రైమోది.
వేసవి రాత్రుళ్లు సరస్సు ఒడ్డున నాట్యశాలలో
ఇద్దరూ టాంగోలు వాయించేవాళ్లట.
మైకు ఒక్కటే. అది పాటగాడిది.
రైమో వంగి పికప్‌లోకే అరిచేవాడు:
"ఓస్మో, తాళం తప్పావ్!"
వదులు కాయిల్ కదా, ఆ మాట పట్టుకునేది.
నాట్యమాడే జంటలన్నీ నవ్వేవి.

మైనం కరిగించి సిద్ధంగా పెట్టాను.
అందులో ముంచితే తీగలు బిగుస్తాయి,
కీచుమనడం ఆగిపోతుంది.
మాట వినడమూ ఆగిపోతుంది.

"వద్దు," అన్నాడు.
గిటార్ ఒళ్లో పెట్టుకుని, ఆంప్ తిప్పి,
పెదాలు తీగలకు ఆనేంతగా వంగి,
నలభై ఏళ్ల కిందటి వాదులాటలో
అప్పుడు తట్టని జవాబు చెప్పాడు:
"తప్పింది నువ్వు, ముసలోడా."

పెట్టెలోంచి అదే మాట వచ్చింది,
మెరుపేమీ లేకుండా, రొమ్ములోంచి వచ్చినట్టు.
అది మాత్రం అతనికి వినిపించింది.
నాకు ముఖం చూస్తే తెలిసింది.

మిగతా నాలుగింటికీ పాతవే బిగించేశాను.
బిల్లులో రాశాను: తీగ, మూడు వారాలు.
మైనం, లేదు.

చుట్టిన మెరుపు పికప్‌లు
పక్కవీధి పద్నాలుగేళ్ల పిల్ల కొనుక్కుంది.
మీటి చూసుకుని మురిసిపోయింది.
కుక్క మళ్లీ బల్లకిందికి పోయింది.
"చెవుల్లో దూది పెట్టుకో," అన్నాను.
విననట్టే వెళ్లిపోయింది.