మరమ్మతు చీటీలు

డెల్మార్ గేథర్ శాక్సఫోన్‌ని
నలభై ఒక్క ఏళ్ళలో ఎన్నిసార్లు విప్పానో
ఈ రేకు డబ్బాలో చీటీలున్నాయి, లెక్కపెట్టలేదు.

క్లీవ్‌లాండ్‌లో అప్పటికి నా కొట్టు పెట్టి వారం.
బోర్లిస్తే గొట్టంలోంచి రంపపు పొట్టు రాలింది.
"సర్కస్" అన్నాడు, సిగ్గేమీ పడకుండా.
ఏనుగు ఎప్పుడు కాలెత్తుతుందో చూసుకుంటూ
లయ మార్చడం అక్కడే పట్టుబడిందట.
ఏనుగు తాళం తప్పదు,
తప్పితే మనమే.

తర్వాతి చీటీ: తోలు మెత్తలు ఆరు.
మీట సందున ఇరుక్కున్న బియ్యపు గింజ ఒకటి.
పోలండు వాళ్ళ పెళ్ళి, రాత్రంతా పోల్కా;
తెల్లారితే బాప్టిస్టు చర్చి;
మధ్యలో ఎవరో జ్వరపడితే వాళ్ళ క్లారినెట్.
అర్ధరాత్రి దాటాక మాత్రం జాజ్,
కుర్చీలు బల్లలెక్కాక, నలుగురి కోసం.
"అసలు నీదేది?" అన్నాను.
రీడ్ తడుపుకుంటూ ఉండిపోయాడు.

ఒకసారి పళ్ళపొడి ప్రకటనకి పదకొండు సెకన్లు వాయించాడు.
ఊరంతా అదే ఈల.
నా కొట్టు ముందు పిల్లలు వేస్తుంటే
వాళ్ళ మధ్య నుంచే నడిచొచ్చాడు,
టోపీ కూడా సర్దుకోలేదు.

పత్రికలో ఒకాయన రాశాడు:
ఏ ఎండకా గొడుగు, ఈ గేథర్.
చదివి, మడిచి, కాఫీ కప్పు కింద పెట్టాడు.
"వానక్కూడా పట్టాను.
అదీ రాయమను."

డెబ్బై తొమ్మిదిలో పై పళ్ళు రెండు పోయాయి.
ఆర్నెల్లు ఫ్లూటుతో ఇంటద్దె కట్టాడు.
మౌత్‌పీస్ మీద ఇప్పటికీ చూడొచ్చు:
పాత కాటు ఒకటి, పక్కనే
వెంట్రుక వాసిలో కట్టుడు పళ్ళ కాటు.
ఒకే నోరు,
రెండుసార్లు మొదలైంది.

చివరి చీటీ అతని చేతిరాతే.
మంద్రంలో అట్టడుగు మీట దగ్గర గాలి పోతోంది,
నేను స్క్రూడ్రైవర్ అందుకున్నాను.
వద్దన్నాడు. నిలబడే వాయించాడు.
పోల్కా కాదు, చర్చిది కాదు,
ఎవరూ డబ్బివ్వనిది.
ఆ కిందిస్వరం దగ్గరికొచ్చేసరికి
ముసలాయన మెట్లు దిగుతున్నట్టు
ముందు ఊపిరి, వెనక శబ్దం.
చీటీ మీద రాశాడు: ఇదొక్కటీ ఉంచు.

వెర్లీన్ ఆ వాద్యాన్ని కిరుటి ఏడాది అమ్మేసింది.
మొన్న ఒక పిల్ల పట్టుకొచ్చింది,
పన్నెండేళ్ళుంటాయి, మోకాలికి కట్టు.
"కింద గాలి పోతోంది, బాగుచేస్తారా?"

విప్పాను. చూశాను. బిగించాను.
"ఆ కాలం వాద్యాలంతేనమ్మా" అని
అబద్ధమాడి
డబ్బులు తీసుకోలేదు.