తొమ్మిదో పేజీ

సొహార్ నుంచి కంపెనీ క్యాంపులకు
నీళ్ల ట్యాంకర్ నడుపుత నేను.
ఐదువేల గ్యాలన్లు, రోజుకు నాలుగు ట్రిప్పులు.
నిండు కుండ తొణకదంటరు గదా,
నిండు ట్యాంకరు గూడ అంతే.
సగం నింపి పంపిన్నాడే
బ్రేకు కొడితే ఎనకనుంచి తోస్తది.

ఆమె మొదటిసారి అచ్చిన్నాడు
ఇన్సూరెన్సు అమ్మెటందుకు అచ్చిందనుకున్నం.
ఇరవై ఆరేండ్లుంటయి. చేతిల సబ్బుపెట్టెంత డబ్బా.
"అన్నా, ట్యాంకు మూత తెరుస్తావా?"
రాయచోటి యాస! పుట్టింది మస్కట్‌ల,
వాళ్లమ్మ ఆస్పత్రి నర్సు.
నీళ్ల చట్టాలు చదివిందట,
చదివి ఊకుండక ఎంబడి పడ్డది.
పేరు తస్నీమ్.
అది స్వర్గంల ఊట పేరని
మా క్యాంపు వంటాయన చెప్పిండు.
అడిగితే నవ్వింది:
"మా మేనత్త పేరన్నా, అంతే."

ఆ డబ్బాను నీళ్లల్ల యాలాడదీస్తే
ఉప్పెంత, మందెంత, వేడెంత
పది నిమిషాలకోపారి ఆమె ఫోనుకు చెప్తది.
"అది అబద్ధమాడదా?" అన్న.
"ఆడుతాది. నాచు పడితే ఆడుతాది.
అందుకే నువ్వు కావల్ల."
శుక్రవారం శుక్రవారం
పాత బనీను గుడ్డతోని దాని కన్ను తుడిచిన.
ఏడు నెలలు. పైస లేదు.

ఒకనాడు కొండ కింద ఫలజ్ కాడికి తీస్కపోయింది.
హమూద్ అనే ముసలాయన నీడకొయ్య కాడ కూసోని
ఎవలి తోటకు ఎంతసేపు నీళ్లో పంచుతుండు.
రాత్రయితే చుక్కలను చూసి పంచుతడట.
డబ్బాను చేతిల పట్టుకొని
తిప్పి తిప్పి చూసిండు, వాసన గూడ చూసిండు.
ఒక్కటే అడిగిండు:
"ఎవలి వాటా ఎంతనో దీనికెర్కేనా?"
తిరిగొచ్చేటప్పుడు కార్ల ఆమె మాట్లాడలే.
నేను రేడియో పెట్టలే.

ముసాయిదా నలభై పేజీలు.
ప్రతి నివాసానికి మంచినీళ్ల పరీక్ష అని ఉన్నది.
తొమ్మిదో పేజీల నివాసమంటే ఏందో రాసిండ్రు:
ఇల్లు, అపార్ట్‌మెంటు, హోటలు,
మనుషులు పండుకునే పడవ.
పడవ గూడ ఉన్నది.
క్యాంపు లేదు.
గదికి పన్నెండు మందిమి, మూడు వందల మందిమి,
మరి మేం యాడుంటున్నమో!

మే నెల, పగటీలి రెండు గంటలు.
ట్యాంకుల నీళ్లు నలభై నాలుగు డిగ్రీలు.
క్లోరిన్ సున్న.
ఆ అంకెలు పట్టుకొని మీటింగుకు పోయింది.
పొద్దుగూకినంక అచ్చి
నా ట్యాంకర్ మెట్టు మీద కూసున్నది,
చెప్పులిడిసి, కాళ్లు ఇసుకల పెట్టి.
యంత్రం ముచ్చట గంటసేపు నడిచిందట.
ఎంతకిస్తవ్, ఎన్ని చేస్తవ్,
మా పోర్టుకు పెడ్తవా అని.
తొమ్మిదో పేజీ కాడికి రాంగనే
అందరు నీళ్లు నమిలిండ్రట.
నేనైతే అప్పుడే నీళ్లొదులుకున్న.

"అక్టోబరులో ఇంకో మీటింగు ఉండాదన్నా."
"అప్పుడేం చెప్తవు?"
"ఇదే."

చాయ్ కప్పు కింద పెట్టుకోమని
డ్యాష్‌బోర్డు మీది చీటి తీసిచ్చిన.
కప్పు పెట్టలే. చదువుతున్నది.
డెలివరీ చీటి. గ్యాలన్లు, టైము, సంతకం.
కింద చిన్నక్షరాలల్ల రేటు తరగతి:
నివాసం.
పైసలు గుంజేటందుకు మేం నివాసమే.

"ఇట్లాంటివి ఎన్నుండాయన్నా?"
సీటు లేపి చూపించిన.
ఆరేండ్ల చీటీలు, రబ్బరు బ్యాండ్లేసి,
నూనె మరకలు, ఒకదాని మీద నా బిడ్డ ఫోన్ నంబరు.
ఒక్కొక్క కట్ట దించుకుంట
ఆమె లెక్కపెడుతున్నది, పెదిమెలు కదులుతున్నయి,
వాళ్లమ్మ నేర్పిన తెలుగుల: ఒకటి, రెండు, మూడు.

అక్టోబరు ఇంకా దూరం.
నాలుగో ట్రిప్పు ఉన్నది నాకు.
ఇయ్యాల శుక్రవారం,
బనీను గుడ్డ యాడ పెట్టిన్నో.