జాబితాలో ఉన్నది

ధర్మాబాదు మిర్చి యార్డు వెనక
ఎరువుల దుకాణం మీది గది: ఎంపీ సంపర్క కార్యాలయం.
బోర్డు మరాఠీలో, మాట తెలుగులో,
ఢిల్లీ నుంచి వచ్చే కాగితం ఇంగ్లీషులో.
నేనక్కడ సగం పూట గుమస్తాను.
మిగతా సగం గుండేటోళ్ల అడ్తిలో పద్దు రాస్త.
రెండు చోట్లా తుమ్ములు ఒకటే.

సమావేశాలకు ముందు బులెటిన్ వస్తది.
మడత విప్పకముందే మెట్ల మీద
దత్తాత్రి చెప్పుల చప్పుడు.
సెల్‌ఫోన్లు బాగుచేస్తడు. మూడేండ్ల కింద
తొడిమలు తీసే ఆడోళ్ల దగ్గర
ఐదువందలు, వెయ్యి, ఒకామె ముక్కుపుల్ల అమ్మిన పైకం
పోగుచేసి కంటికి కనబడని నాణెం కొన్నడు.
ఒక రాత్రి, కొన్న దుకాణం కూడా కనబడకుండ పోయింది.

"మన బిల్లు వచ్చిందా?"
"జాబితాలో ఉన్నది. పదిహేడో నెంబరు."
"అచ్చయింది గదా!"
లగ్నపత్రిక అచ్చయితే
పెండ్లి అయినట్టేనా, దత్తాత్రీ?

ఠాణాలో అతని ఫిర్యాదు రాసుకోలేదు.
పోయింది పైసలా, సరుకా, జూదంలో ఒడ్డిన పందెమా
తేల్చుకొని రమ్మన్నరు.
అక్కడా అదే పేచీ.
బ్యాంకుల పెద్ద వద్దంటది, ఖజానా చూద్దామంటది,
బిడ్డ ఎవరిదో తేలనే లేదు,
చదివింపులు మాత్రం నూటికి ముప్పై చొప్పున దండుకున్నరు.
పన్ను చేతికొచ్చినంక
పేరు పెట్టే తొందర ఎవరికుంటది?

మా ఎంపీ చెడ్డోడు కాడు.
అంగడి రోజు చాయ్ తాగుతుంటే అడిగిన.
"పత్తి ధర మీద లేస్తే నా వెనక నలభై మంది లేస్తరు.
దీని మీద లేస్తే
నా నీడ కూడా కూసుంటది" అన్నడు.

పద్దు పుస్తకం చివరి పేజీలో
అప్పటి నుంచి రాసుకుంటున్న.
వానకాలం సమావేశాలు అరుపుల్ల కొట్టుకపోయినయి.
చలికాలం ఎన్నికలు అడ్డమొచ్చినయి.
పరిశీలనకు పోయిన కాగితం
పరిశీలించే సంఘంతో పాటే రద్దయింది.
మిర్చి నారును ఎవరూ పీకెయ్యరు.
దాని వంతు నీళ్లు
పక్క మడికి మళ్లుతయి, అంతే.

ఎడ్ల బేరం చూసినోళ్లకు తెలుసు.
రుమాలు కింద రెండు చేతులు కలిసి
వేళ్ల మీద ధర తేలినంకనే
పైన "ఎంత? ఎంత?" అని కేకలు.
సభలో ఓటింగు ఆ కేకనే అనుకుంట.
రుమాలు కింద నాణేల కంపెనీల వేళ్లున్నయి,
బ్యాంకుల వేళ్లున్నయి, రేపటి పొత్తుల వేళ్లున్నయి.
కిలోకు ఇంత అని తొడిమలు గిల్లీ గిల్లీ
గోళ్ల సందున కారం ఇంకిన రుక్మాబాయి వేళ్లు
ఆ గుడ్డ కిందికి ఎన్నడూ పోలేదు.
పోతే
ఆ మంటకు ఎవడో ఒకడు చేయి గుంజుకునేటోడు.

ఈసారి దత్తాత్రి రాలేదు.
రుక్మాబాయే వచ్చింది, ముక్కుకు చీపురుపుల్ల పెట్టుకొని.
బిల్లు సంగతి అడగలేదు.
"దాంట్ల నా వరస ఏది?" అన్నది.
చూపించిన. చదవరాదు గనుక
అక్షరాల మీద వేలు పెట్టి
ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నడిపించింది.
పదిహేడో నెంబరు పొడుగునా ఎర్రటి గీత.

ఆమె పోయినంక తుడవబోయి ఆగిన.
అర్జీ రాసి, తెల్ల కాగితం కాదు,
ఆ కాగితమే దానికి జతచేసి
ఢిల్లీకి స్పీడుపోస్టు చేసిన.
ముందు వరసలో ఎవరన్న కవరు విప్పుతరేమో.
విప్పి, ఒక్కసారి తుమ్ముతరేమో.

నలభై ఒక్క రూపాయలు.
రసీదు పద్దులో అతికించిన.
ఎవరి ఖాతాలో రాయాల్నో
ఇంకా తేలలేదు.