గాలికి కిరాయి

"ఏం కరీముల్లా, గాలికి కూడా కిరాయి కట్టాలా?"
అంటూ వచ్చింది సామ్రాజ్యమ్మ మా షెడ్డుకి,
ఆటోనగర్లో, రేడియేటర్ల కొట్టు వెనక్కి.
చీకటితోనే కంకిపాడు నుంచి పటమట రైతుబజారుకి
ఎనిమిది పెట్టెల టమాటా, వంకాయ.
పదకొండింటికి తిరుగుదారిలో
ఎనిమిది పెట్టెల ఖాళీ.
రెండింటికీ ఒకటే రేటంటాడట యేసోబు:
"బరువుక్కాదు పిన్నీ, చోటుకి."

ఆ మాట నన్ను అంటుకుంది.
రాత్రి ఓ పాత శుభలేఖ దొరికితే
(ఎవరిదో, పెళ్ళి ఎప్పుడో అయిపోయింది)
కత్తెరేసి పెట్టె చేశాను.
పొట్టి గోడలు రెండూ ముందు పడుకుంటాయి,
పొడుగువి వాటి మీద.
మడిచి దాని మీద టీ గ్లాసు పెట్టాను.
గ్లాసు ఒరగలేదు.
ఇంతేనా అనుకున్నాను.
నిద్ర బాగా పట్టింది.

మర్నాడు అరంగుళం ప్లైవుడ్డు.
రెండడుగుల పొడుగు, పదహారంగుళాల వెడల్పు, అడుగెత్తు.
నాలుగు గోడలకీ ఒకే మట్టాన మడతబందులు.
పొట్టివి పడుకున్నాయి, బుద్ధిమంతులు,
మధ్యలో రంపం తిన్నంత సందుతో.
పొడుగుదాన్ని వంచాను.
రానంది.
మోకాలు పెట్టి అదిమాను.
మరలు చిగుళ్ళతో సహా ఊడొచ్చాయి.

కాగితానికీ మందం ఉంటుంది,
మనం లెక్కలో వెయ్యం, అది పట్టించుకోదు.
చెక్క ఊరుకోదు.
కింద పడుకున్నవాడి వీపు అరంగుళమైతే
పైవాడి కీలు అరంగుళం పైన పుట్టాలి,
వాడి పైవాడిది ఇంకో అరంగుళం పైన,
రైల్లో బెర్తుల్లాగా.
ఆ ముక్క తెలియడానికి
నాకు ఒక షీటు, పదహారు మరలు, ఒక ఆదివారం పట్టింది.
మా అబ్బా చెప్పి ఉండాల్సింది.
ముప్పయ్యేళ్ళు లారీ బాడీలు కట్టినవాడు,
మడిచే వస్తువు ఒక్కటీ చెయ్యలేదు.
"కట్టింది కట్టినట్టుండాలిరా" అనేవాడు.

రెండోది నిలబడింది. పడుకుంది. మళ్ళీ నిలబడింది.
సామ్రాజ్యమ్మ చుట్టూ తిరిగి చూసింది,
సంతలో గేదెను చూసినట్టు.
"నిండా పోస్తే గోడలు కూలవా?"
"లోపలికే కూలతాయమ్మా. లోపల కాయలుంటే
ఎక్కడ కూలతాయి?"
నమ్మలేదు. పాత బోల్టులు నలభై కేజీలు పోసి చూపించాను.
పోసినకొద్దీ గోడలు బిగుసుకున్నాయి.
ఖాళీ చేసి తనే మడిచింది,
వేలు నలిగింది,
నోట్లో పెట్టుకుని, కళ్ళల్లో నీళ్ళతో,
"దీని మందం వేశావంట్రా లెక్కలో?"

వెయ్యలేదు.
ప్రతి గోడ అంచునా బొటనవేలు పట్టేటంత గుంట తవ్వాను
తనదే కొలత తీసుకుని.
లావు వేలు. పసుపూ మట్టీ కలిసిన గోరు.

ఎనిమిదీ చేసిచ్చాను.
మడిచి పేరిస్తే పదహారంగుళాలు,
యేసోబు సీటు వెనక ఇమిడిపోయాయి.
మిగిలిన చోటులో ఇద్దరు కాలేజీ పిల్లలు,
ఒక గ్యాసుబండ.
వాడే ఈల వేసుకుంటూ వచ్చి
నాకు చెయ్యెత్తి దణ్ణం పెట్టాడు.

వారం తిరక్కుండా మళ్ళీ వచ్చింది.
కూర్చోలేదు. మంచినీళ్ళు వద్దంది.
"ఇప్పుడు చోటుక్కాదంట,
బరువుకంట.
ఎనిమిదీ కలిపి యాభై కేజీలంట.
కాటా వేసి మరీ చూపించాడు సచ్చినోడు."

నవ్వు ఆపుకోవడం నావల్ల కాలేదు.
తనకీ వచ్చింది, కొంచెం, కోపంలోంచి.
పెట్టె ఒకటి ఎత్తి చూశాను.
నిజమే.

ఇప్పుడు పెన్సిలు చెవి మీంచి తీసి
గోడల మీద సున్నాలు చుడుతున్నాను,
ఎక్కడెక్కడ చెక్క తీసేసి
గాలి పెట్టొచ్చో.