గుడ్డ వాలిన చోటు

టెనెరిఫే దీవిలో, గరాచికో రేవు పక్కన
మా అమ్మ ఎఫిహేనియా బట్టలారేస్తుంది.
చొక్కాల చేతులు ఏడాదిలో ఎక్కువ రోజులు
నైరుతికే చాచి ఉంటాయి.
"గాలొచ్చేది ఈశాన్యం నుంచి.
నేను పుట్టకముందు నుంచీ అంతే" అంటుంది,
పళ్ల మధ్య క్లిప్పు కరిచిపట్టి.

రెండు వేల మీటర్ల పైన, తెయిదే కొండ ఒళ్లో
సిప్రియానో మావయ్య తేనెపెట్టెలు దించుతాడు.
తెల్ల రెతామా పూసినన్నాళ్లూ కాపురం అక్కడే.
పొగడబ్బా నొక్కితే పొగ తూర్పుకి పోతుంది.
"పడమటి గాలి. వెళ్లి మీ అమ్మకి చెప్పు."

ఇరవై ఏళ్ల తగువు.
ఇద్దరి కుందేళ్లకీ మూడేసి కాళ్లే.
తాతయ్య పోయిన రాత్రి కూడా
కొవ్వొత్తి ఎటు వంగిందన్న దగ్గర
మాటలు తెగి, ఆరు వారాలు అతకలేదు.

ఆ మే నెలలో అమ్మ
పాత లంగా అంచు చింపి చీపురుకర్రకి కట్టింది.
"నడు. గుడ్డ నాది, కళ్లు నీవి.
అబద్ధం మాత్రం మోసుకురాకు."

అరటితోటల్లో గుడ్డ పటపటా కొట్టుకుంది, నైరుతికి.
అమ్మ గెలుస్తోంది.
ఆపైన మబ్బులోకి దూరాను,
కిందనుంచి మేం గాడిద పొట్ట అని పిలిచే మబ్బు.
లోపల పైన్ చెట్లు ఆకుసూదులతో నీళ్లు దువ్వుకుంటున్నాయి.
చెట్టు కిందే వాన, చెట్టు దాటితే లేదు.
గుడ్డ తడిసి బరువెక్కింది. అయినా అటే.

ఉన్నట్టుండి మబ్బు అయిపోయింది.
తల ఎండలో, మోకాళ్లు మంచులో.
ఎక్కేకొద్దీ చలి పెరగాలి కదా,
ఇక్కడ వెచ్చబడిందేమిటి?
గుడ్డ కర్రకి అతుక్కుని వాలిపోయింది.
ఎటూ లేదు.
అక్కడే కూచుని గోఫియో ముద్ద తిన్నాను.
నా జన్మలో అంత నిశ్శబ్దంగా తిన్న అన్నం లేదు.

ఇంకో గంట నడిచాక గుడ్డ మెల్లగా మెడ తిప్పింది,
తూర్పుకి.

మావయ్య గెలిచిన మొహం పెట్టలేదు.
అబ్జర్వేటరీ నుంచి తేనెకొచ్చే ఓతిలియా చెప్పిందట,
పెట్టె మూత మీద మైనపు వేలితో గీశాడు:
"ఇదిగో, దక్షిణాన భూమి నడుము.
సూర్యుడు అక్కడ నెత్తినే నిలబడతాడు.
గాలి కాగి, తేలికై, తడినెత్తుకుని ఉబుకుతుంది.
ఇక పైకి దారి లేనంత ఎత్తున
పక్కకి ఒరిగి మనవైపు బయల్దేరుతుంది.
నడుము దగ్గర భూమి పరుగెక్కువ, ఇక్కడ తక్కువ.
ఆ పరుగు గాలి మరిచిపోదు,
నేలని దాటి తూర్పుకి దూకుతుంది.
చల్లబడి, బరువెక్కి, మన తలల మీద దిగుతుంది.
దిగుతూ నలిగి మళ్లీ వేడెక్కి
మబ్బుకి మూతై కూచుంటుంది.
నువ్వు తిన్నావే ముద్ద, ఆ మూత మీదే.
అక్కడ నడుము దగ్గర ఖాళీ పడింది కదా,
కింది గాలి వాపసు పోవాలి.
ఈసారి నిదానపు చోటి నుంచి పరుగు చోటికి.
అందుకోలేదు. పడమటికి జారుతుంది.
మీ అమ్మ చొక్కాలు చాచేది అదే."

"అంటే ఇద్దరిదీ ఒకే గాలా?"

"పోయేటప్పుడు నాది. తిరిగొచ్చేటప్పుడు..."
మాట మింగి మూత తుడిచేశాడు.
ఒక తేనెటీగ ఆ తడి గీత మీద
దారి తప్పి కాసేపు నడిచింది.

అమ్మ చేప పొలుసులు గీస్తూ అంతా విన్నది.
"వాడి దగ్గర్నుంచి నా దాకా ఎన్నాళ్లు?"
తెలీదన్నాను. రోజులో, వారాలో.
దారిలో ఎన్ని గాలులతో కలుస్తుందో,
అదే గాలని కూడా చెప్పలేమన్నాను.
అమ్మ తలూపలేదు. కత్తి ఆగలేదు.

సాయంత్రం బట్టలు తీస్తూ
ఒక చొక్కా మొహానికి ఆనించుకుంది.
"ఉప్పు" అంది. "ఉప్పు తప్ప ఏముంది?"
చుట్టూ చూసి
ఇంకో చొక్కా అందుకుంది.