ఏడో రోజు దిమ్మ

తొట్టిలోంచి తీసి తుడిచి
యంత్రం కింద పెడితే
దర్జాగా నిలబడింది.
అక్కడే అనుమానం.

ల్యాబుకొచ్చే దిమ్మకి అల్లుడి మర్యాద,
ఒక తట్ట సిమెంటు ఎక్కువ.
స్లాబుకి అడుగూబొడుగూ.

సంతకం ఆపి, బండేసుకుని
పెన్నా దాటి కోవూరు పోయాను.
రోహిణీ కార్తె.
బడి కప్పు మీద గోనెపట్టలు
అప్పడాల్లా ఎండిపోయున్నాయి.

"మూడు దినాలాయ సార్, ట్యాంకరు రాలా"
అంటా పెంచలమ్మ
తాగడానికి తెచ్చుకున్న బిందె
ఓ మూల వంచతా ఉంది.
"రోజూ ఇంతే. ఒక్క బిందె ఎంతని తడుపుద్ది?"

ఆ మూల సుత్తితో కొట్టా, ఖంగుమంది.
రెండడుగులు జరిగి కొట్టా.
పలకలేదు.

కాగితంలో
కూలీల పేర్లకు గడి లేదు.
రిమార్కుల్లో రాశాను:
ఈశాన్యం మూల, బిందెడంత మేర, సరిగా ఉంది.
మిగతాది పగలగొట్టండి.